రెక్క వదలకు

పోయిన వారం షెడ్డు తలుపు మూసుకున్న చోట చెల్లెల్ని ఒంటరిగా వదిలి వచ్చాం. ఆ గడియ చప్పుడు చెవుల్లో ఉండగానే మళ్ళీ అక్కడికే వెళ్దాం.

బేకరీలో పిండి పిసికే ఈ పిల్లకి లోకంలో ఉన్నది ఒక్క అక్క. ఆ అక్కా, బావా ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఒక శిక్షణ కేంద్రం నడిపేవారు. గాలి నింపిన పెద్ద రెక్కను రెండు చేతులతో పట్టుకుని, బోర్డు మీద నిలబడి, నీటికి పైన తేలిపోయే ఆట అది. బోర్డు అడుగున నిలువుగా ఒక కమ్మీ, దాని కొసన చిన్న విమానం రెక్కల్లాంటి పదునైన బద్దలు. వాటిని ఫాయిల్ అంటారు. వేగం అందుకుంటే బోర్డు నీటిని విడిచి లేస్తుంది. కిందటి వేసవిలో అక్క అలా వెళ్ళి తిరిగి రాలేదు. బోర్డు దొరికింది, మనిషి దొరకలేదు. బోర్డుకీ ఆమెకీ మధ్య ఉండే కట్టుతాడు తెగిపోయిందనీ, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు లాగేశాయనీ బావ చెప్పాడు. పోలీసులు మొగ దగ్గరే వెతికి, వెతికి, మానేశారు. చెల్లెలు మాత్రం ఆ మాట నమ్మలేదు. "అక్క ఆట నాకూ నేర్పు బావా" అని అతని దగ్గరే చేరింది. పోయిన వారం, షెడ్డులో మేకుకి వేలాడే పాత తాళ్ళ గుత్తి వెనక, అక్క తాడు ఆమె చేతికి తగిలింది. ఒక కొసన అక్క గుర్తుగా చుట్టుకున్న పచ్చదారం. రెండో కొస నున్నగా ఉంది. తెగిన తాడైతే పీచులు లేస్తుంది. ఇది కోసిన తాడు.

అంతలో వెనక తలుపు మూసుకుంది.

బావ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. కోపంగా ఏమీ లేడు. బాగా అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"ఈ పనిలో ఉన్నవాళ్ళెవరమూ తాడు పారేయం బన్నూ" అన్నాడు. బేకరీలో చేరిన రోజు నుంచీ ఇంట్లో ఆమె పేరు అదే. "ఎప్పుడో దేనికో పనికొస్తుందని మేకుకి తగిలిస్తాం. చేతికి పట్టిన అలవాటు. ఆ పూట కూడా నా చెయ్యి తన మానాన తను తగిలించేసింది. చూడు, ఎక్కడికి తెచ్చిందో."

"తెగిపోయిందని చెప్పావు."

"చెప్పాను."

"కోశావు."

అతను తలుపు వదిలి కదిలాడు. మూడంగల్లో వచ్చి చాచి కొట్టాడు. ఆమె తల బోర్డుల బీరువాకి తగిలింది. నోట్లో ఉప్పగా రక్తం వచ్చింది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తేలోగా ఆమె చేతికి రెక్కల్లో గాలి కొట్టే పంపు దొరికింది. రోజూ గోనెల కొద్దీ పిండిని మెత్తబరిచే చేతులవి. పంపు కాడ అతని కనుబొమ మీద పడిన చప్పుడు ఎండు కర్ర విరిగినట్టు వినబడింది.

బావ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కంట్లోకి కారుతున్న రక్తాన్ని ముంజేత్తో తుడుచుకుని, దాన్ని చూసి నవ్వాడు.

"మీ అక్కకి ఈ చేతివాటం లేదు. ఉంటే కాపురం ఇంకోలా ఉండేది."

"అక్క ఎక్కడ?"

బయట నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. ఎవరో బకెట్టుతో నీళ్ళు పోసి బోర్డు కడుగుతున్నారు. బావ అటు చెవి పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఒక్క ముక్క చెప్పను. నీళ్ళ మీదికి రా. ఎక్కడ పోయిందో ఆ చోటు చూపిస్తా. ఒక్క ఎముకైనా దొరుకుతుందేమో, నీ ఓపిక. రానంటావా, తలుపు తీస్తా, ఇంటికి పో. నేనూ పోతా. మళ్ళీ ఈ ఒడ్డున నేను నీకు కనబడను."

"పడవలో నీ పక్కన కూర్చోను."

"ఎవరు కూర్చోమన్నారు? నీ బోర్డు మీద నువ్వు రా. నేను పడవలో వెనక వస్తా. చూసేవాళ్ళకి రోజూలాగే పాఠం."

వెళ్ళకూడదని ఆమెకు తెలుసు. తెలిసీ హెల్మెట్ పెట్టుకుంది. అక్కతో చివరిసారి మాట్లాడింది ఫోనులో. ఎప్పుడు ఫోను పెట్టేసినా "ఉంటా మరి" అనడం అక్క అలవాటు. ఆ రోజు మాత్రం మాట మధ్యలోనే ఫోను ఆగిపోయింది. ఆ ఆగిపోయిన చోటే ఏడాదిగా ఈ పిల్ల నిలబడి ఉంది. అక్కణ్ణుంచి కదలడానికి ఎవరు ఏ దారి చూపించినా వెళ్ళే స్థితిలో ఉంది. మందపాటి జాకెట్టు జిప్పు లాగి, దాని కింద నడుముకి అక్క తాడును బిగించి కట్టుకుంది.

బావ ఆమెను రోజూ దిగే మెట్ల వైపు తీసుకెళ్ళలేదు. షెడ్డు వెనకనుంచి తీసుకెళ్ళాడు. అక్కడ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రోజూ మొహాన కొట్టే అలలు లేవు, నురగ లేదు. ఇన్నాళ్ళుగా పడిలేస్తూ నీళ్ళు మింగిన ఆమెకు ఆ చదును చూడగానే, అంత భయంలోనూ, ఇవాళైనా నిలబడగలనేమో అనిపించింది. నడుంలోతు దాటి వెళ్ళింది. ఫాయిల్ మట్టికి తగలనంత లోతుకి చేరాక బోర్డు ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. రెక్కను తల మీదికి ఎత్తింది. గాలి మెత్తగా, చల్లగా ఆమె వీపుకి తగిలింది.

రెక్క నిండింది. ముందు ఒక పాదం, తరవాత రెండోది. మోకాళ్ళు వంచి నిలబడింది. బోర్డు చిన్న అలల మీద టపటప కొట్టుకుంటూ సాగింది. బరువు కొంచెం వెనక కాలి మీదికి వేసింది.

చప్పుడు ఆగిపోయింది.

బోర్డు నీటిని విడిచి లేచింది. కాళ్ళ కింద ఏమీ లేదు. నీడ మాత్రం పక్కన నీటి మీద పరిగెడుతోంది. ఎన్ని రోజులు ప్రయత్నించినా రానిది, రాకూడని రోజున వచ్చింది. అక్క బావ చేతిలో అన్ని దెబ్బలు తింటూ కూడా ఈ ఆట ఎందుకు మానలేదో ఆ కాసేపట్లో ఆమెకు అర్థమైంది. ఆ ఇంట్లో నేల మీద ఉండి ఊపిరి తీసుకునే చోటు అక్కకి లేదు.

ఎంత దూరం వెళ్ళిందో తెలియలేదు. తిరుగుదామని రెక్క మలిపింది, పడింది. బావ చెప్పినట్టే బోర్డుకి దూరంగా, పక్కకి, చాపలా పడింది. లేచి ఎక్కింది. మళ్ళీ తిరగబోయింది, మళ్ళీ పడింది. పడిన ప్రతిసారీ ఒడ్డు ఇంకాస్త వెనక్కి జరిగింది. షెడ్డు అగ్గిపెట్టె అంత అయింది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు కొత్తవాళ్ళందర్నీ కూర్చోబెట్టి బావ నవ్విస్తూ చెప్పిన మాట: "గాలి మొహానికి తగిలితే దిగండి. పక్కకి తగిలితే దిగండి. వీపుకి తగిలితే మాత్రం టీ తాగి ఇంటికి పొండి." ఒడ్డు మీంచి వీచే గాలి ఒడ్డు దగ్గర అలలు లేపదు. అందుకే అక్కడ అద్దంలా ఉంటుంది. గాలికి ఎదురెళ్ళడం చేతకాని కొత్తవాళ్ళు ఆ అద్దం చూసి మురిసిపోయి దిగుతారు. మరి తిరిగి రాలేరు.

వెనక ఇంజన్ చప్పుడు దగ్గరయింది, ఆగింది. బావ రబ్బరు పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. కనుబొమ దగ్గర రక్తం ఎండి నల్లబడింది.

"బాగా లేచావే మరదలా. మీ అక్కకి నీకన్నా ఎక్కువ రోజులు పట్టింది."

"గాలి వీపుకి తగులుతోంది బావా."

"ఇప్పుడా తెలిసింది?"

ఆమె బోర్డుకి అడ్డంగా పడుకుని, అంచులు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "చోటు చూపిస్తానన్నావు."

"ఇదే."

"మొగ అటు కదా ఉంది."

"మొగ దగ్గరని పోలీసులకి చెప్పాను. ఇక్కడని చెబితే ఇక్కడ వెతుకుతారు కదా." అతను తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ రోజు ఇంట్లో గొడవయింది. ఇల్లు వదిలి నీ దగ్గరికి వచ్చేస్తానంది. నీకు ఫోను చేస్తుంటే లాక్కున్నా. రెక్క తీసుకుని నీళ్ళమీద పడింది. నీళ్ళ మీద నన్ను మించి పోతానని దానికి పొగరు. పడవేసుకుని వచ్చి అందుకున్నా. ఒక్కటి కొట్టా. ఒక్కటే, నీమీదొట్టు. బోర్డు తిరగబడింది, ఫాయిల్ దవడకి తగిలింది. నీళ్ళు ఎర్రగా అయిపోయాయి. మొహం నీళ్ళలో పెట్టి, కదలకుండా పడి ఉంది."

"తియ్యలేదా?"

"భయమేసింది."

"తాడు కోయడానికి భయం వెయ్యలేదా?"

"బోర్డు ఒడ్డుకి చేరితే ప్రమాదం అనుకుంటారు. మనిషి చేరితే దెబ్బ చూస్తారు." చెబుతున్నవాడు ఏదో లెక్క తప్పిన పిల్లాడిలా మొహం పెట్టాడు. "వెనక్కి తిరిగి చూడలేదు. అదే నన్ను తినేస్తోంది. ఒకసారి చూసి ఉంటే నిద్ర పట్టేది. ఈసారి చూసే వెళ్తాను."

తెడ్డు గాలిలోకి లేవడం ఆమె చూసింది. మొదటి దెబ్బ హెల్మెట్ మీద పడింది, చెవిలో గంట మోగినట్టయింది. రెండోది భుజం మీద. ఆమె అంచు వదలలేదు. మూడో దెబ్బ తనకు కాదు, బోర్డుకి. అది పల్టీ కొట్టింది. నీటి అడుగున ఫాయిల్ బద్ద ఆమె పిక్కను చీల్చుకుంటూ పోయింది. ముందు చల్లగా అనిపించింది, తరవాత మంట. అరిచేలోగా నోట్లోకి నీళ్ళు వచ్చాయి. పైకి తేలేసరికి బావ పడవలోంచి వంగి, తాళ్ళు కోసే కొక్కెం కత్తితో ఆమె కట్టుతాడును పుటుక్కున కోశాడు. బోర్డును పడవలోకి లాక్కున్నాడు. ఎదుటివాళ్ళ విస్తరి లాక్కున్నంత తేలిగ్గా లాక్కున్నాడు.

"ఈదుకో" అన్నాడు.

చుట్టూ నీళ్ళు ఎర్రబడుతున్నాయి. కాలు చెప్పిన మాట వినడం లేదు. ఎడమ మణికట్టుకి పట్టీ ఒకటి బిగుసుకుని లాగుతోంది. రెక్క. రెక్కను చేతికి కట్టే ఆ పట్టీని అతను కోయలేదు. అక్క పోయిన రోజు కూడా కోసి ఉండడు. ఒడ్డుకి సాక్ష్యంగా చేరవలసింది బోర్డు కాబట్టి రెక్క సంగతి అతనికి పట్టలేదు.

కొత్తవాళ్ళకి అతనే నేర్పే రెండో పాఠం అది. అంతా పోయినా రెక్క వదలకు. వెల్లకిలా తిప్పి దాని మీద బోర్లా పడుకో. అది తెప్ప. గాలే నిన్ను ఏదో ఒక ఒడ్డుకి చేరుస్తుంది. ఎన్నో ఏళ్ళుగా కింద పడని మనిషి కాబట్టి తను చెప్పే పాఠం తనకే గుర్తు లేదు. రోజూ పడి లేచే చెల్లెలికి మాత్రం అది ఒంటికి పట్టి ఉంది. పట్టీ లాక్కుంది, రెక్కను తిప్పింది, పొట్ట ఆనించి దాని మీదికి పాకింది.

గాలి ఆమెను పట్టుకుంది. నెమ్మదిగా మొదలై, పడవకి దూరంగా, మనుషులు లేని అవతలి ఒడ్డు వైపు, జమ్ము గడ్డి గోడలా పెరిగిన వైపు, జారిపోసాగింది.

అక్క మణికట్టుకీ రెక్క ఉంది.

ఆ ఆలోచన ఆమెకు నెమ్మదిగా రాలేదు, దెబ్బలా తగిలింది. మొహం నీళ్ళలో పెట్టి కదలకుండా పడి ఉంది, అన్నాడు. చిన్నప్పుడు స్నానాల గదిలో బకెట్టులో తల ముంచి ఎవరెక్కువసేపు ఉంటారని ఇద్దరూ పందెం కాసేవారు. అమ్మ వచ్చి జుట్టు పట్టి లేపేదాకా అక్క లేచేది కాదు. ప్రతిసారీ అక్కే గెలిచేది. నీళ్ళ కింద నవ్వుతూ ఉండేది.

ఇక్కడ ఆ పిల్ల ఒక పొరపాటు చేసింది. నోరు మూసుకుని వెళ్ళిపోవలసినది, నవ్వింది. రక్తం కారుతూ, వణుకుతూ, రెక్క మీద బోర్లా పడుకుని నవ్వింది.

"అక్క మునగలేదు బావా. నువ్వు వెనక్కి చూడలేదు. చూసుంటే కనబడేది."

పడవలో అతని మొహం మారడం అంత దూరం నుంచీ కనబడింది. ముందు అర్థం కాలేదు. తరవాత అతని కళ్ళు రెక్కను చూశాయి, గాలి పోయే దిక్కు చూశాయి, జమ్ము గడ్డిని చూశాయి. పోలీసుల్ని మొగ దగ్గరికి పంపింది తనే. ఇటు ఎవర్నీ రాకుండా చేసింది తనే. తన అబద్ధమే ఏడాదిపాటు భార్యకి కాపలా కాసింది.

ఇంజన్ తాడు లాగాడు.

పడవ సూటిగా ఆమె మీదికే వచ్చింది. రబ్బరు ముక్కు భుజాన్ని గుద్ది, ఆమెను నీళ్ళ కిందికి నొక్కేసింది. తల మీంచి ఇంజన్ పంకా హోరు వెళ్ళిపోయింది. చెంప పక్కన నీళ్ళు గీసుకుపోయాయి. తేలి చూస్తే అతను పడవ మళ్ళిస్తున్నాడు. ఈసారి నెమ్మదిగా వస్తున్నాడు, తెడ్డు ఎత్తి, గురి చూసుకుంటూ. ఆమె నడుము దగ్గర ముడి తడిమింది. వేళ్ళు చలికి కొయ్యబారాయి. ముడి తడిసి బిగుసుకుంది. గోరు విరిగింది. ముడి ఊడింది.

పడవ పక్కకి వచ్చి, తెడ్డు దిగే ముందు, ఆమె అక్క తాడును ఇంజన్ అడుగుకి విసిరింది. దెబ్బ మెడ పక్కన పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కానీ తాడు ఎటు పోవాలో అటే పోయింది. పంకా దాన్ని లోపలికి లాక్కుంది, చుట్టుకుంది, ఒకసారి దగ్గింది, ఆగిపోయింది. పచ్చదారం కొస నీటి మీద తేలుతూ మిగిలింది.

దేనికో దానికి పనికొస్తుందని అతను దాచిన తాడే.

బావ బూతులు తిడుతూ ఇంజన్ తాడు లాగాడు, ఇంకా లాగాడు. అది పలకలేదు. ఆమె మళ్ళీ రెక్క ఎక్కేసరికి గాలి ఆమెను ముందుకు తీసుకుపోయింది. వెనక తెడ్డు నీటిలో పడే చప్పుడు వినబడుతూనే ఉంది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. అతనిప్పుడు ఆమె కోసం తెడ్డు వేయడం లేదు. ఆ ఒడ్డు కోసం వేస్తున్నాడు. ఆమె తెరిచి చూపించిన ఒడ్డు అది.

జమ్ము దుబ్బులు దగ్గరయ్యాయి. మోకాలికి బురద తగిలింది. నిలబడబోతే కాలు మడత పడింది. పాకింది. గడ్డి కోసిన చోట ఒక బాట, బాట చివర నాలుగు కర్రల మీద ఎండకి కప్పిన గుడ్డ. వెలిసిపోయిన నారింజ రంగు గుడ్డ. అక్క రెక్క రంగు.

గడ్డి కదిలింది. ఒకామె బయటికి వచ్చింది. జుట్టు కురచగా కత్తిరించి ఉంది. ఎవరిదో మగవాళ్ళ చొక్కా వేసుకుంది. చెవి కింద నుంచి గడ్డం దాకా తెల్లటి మచ్చ, కుట్లు వేయని గాయం తనంతట తను అతుక్కున్నట్టు. చేతిలో జమ్ము కోసే కొడవలి ఉంది.

"బన్నూ" అంది.

చెల్లెలు ఇంకాస్త ముందుకు పాకింది. చెయ్యి చాచి ఆ చొక్కా అంచు పట్టుకుంది. తడిగా, మురికిగా, నిజంగా ఉంది.

అక్క వంగి పిక్క చూసింది. "ఎముక బాగానే ఉంది. పైకెక్కి ఆ గుడ్డ చించి గట్టిగా కట్టుకో."

"ఒక్క కబురు కూడా పంపలేదేం అక్కా. ఒక్కటి. బతికున్నానని."

"పంపితే వచ్చేదానివి." అక్క ఆమె తల మీంచి నీళ్ళ వైపు చూస్తోంది. "నువ్వొస్తే నీ వెనక అతనొచ్చేవాడు. చూశావుగా."

తెడ్డు చప్పుడు ఆగింది. పడవ బురదకి తట్టుకుంది. బావ అందులో నిలబడి ఉన్నాడు.

"బతికే ఉన్నావా" అన్నాడు. సంతోషమో, కోపమో, అతనికే తెలిసినట్టు లేదు. అరచేతులు మాత్రం తెడ్డు చుట్టూ బిగుసుకున్నాయి. "ఏడాది. ఏడాదిపాటు నన్ను హంతకుణ్ణి చేసి పడుకోబెట్టావు."

పెళ్ళయిన రోజు నుంచీ అక్క అతన్ని మీరు అనే పిలిచేది. దెబ్బలు తిన్న రోజుల్లో కూడా "మీకు అన్నం పెట్టనా" అనేది.

"దిగు" అంది ఇప్పుడు.

చెల్లెలి వేళ్ళను చొక్కా అంచు నుంచి ఒక్కొక్కటిగా విడదీసింది. ఆ వేళ్ళను ఒకసారి తన చెంపకి, ఆ మచ్చకి ఆనించుకుంది.

"ఒడ్డెక్కు. వెనక్కి చూడకు." అని, ఏడాది కింద ఫోనులో చెప్పకుండా మిగిలిపోయిన మాట అప్పుడు చెప్పింది. "ఉంటా మరి."

అక్క నీళ్ళలోకి నడిచింది. చీలమండల లోతు, మోకాళ్ళ లోతు. చెల్లెలు ఒడ్డు వైపు తిరిగింది. మణికట్టు పట్టీకి రెక్క కొట్టుకుంటూ ఆమెను పైకి, గట్టి నేల వైపు లాగుతోంది. కొంచెం దూరం ఆ లాగుడుతో పాకింది.

ఆగింది. నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, పళ్ళతో పట్టీ ఊడదీసింది. రెక్క గడ్డి మీదుగా ఎగిరిపోయింది.

ఆమె వెనక్కి తిరిగి నీళ్ళలోకి దూకేసరికి, తెడ్డూ కొడవలీ ఒక్కసారే లేచాయి.